ఎనిమిది మైకులకు ఏది మేలు: ఇంటర్‌ఫేసా, డిజిటల్ మిక్సరా?

"రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ ఇంట్లో ఉంది. అలాంటిదే ఇంకోటి కొని కలిపేస్తే సరిపోదా?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఇంటర్‌ఫేస్ అంటే మైకుల ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె. మా భజన బృందం కోసం కొనబోయే ముందు నేనూ ఇదే లెక్క వేశాను. రెండు ల్యాప్‌టాప్‌లకు చెరొకటి తగిలించి రికార్డు చేశాను కూడా.

మొదటి పాట బాగానే ఉంది. గంట దాటేసరికి మృదంగం దెబ్బ పడ్డాక తాళం వినిపిస్తోంది. వాయించినవాళ్ల తప్పేం లేదు. సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలవాలో నడిపించే గడియారం ఒకటి లోపల ఉంటుంది, ఏ ఇంటర్‌ఫేస్ గడియారం దానిదే. రెండింటిలోనూ 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల కొలతలు) అనే పెట్టినా ఒకటి కాస్త ముందు నడుస్తుంది, ఒకటి వెనక. పది లక్షలకు 20 తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు! ట్రాక్ జరిపి చివర కలిపితే మొదట విడిపోతుంది. రెండింటినీ ఒకే మ్యాక్‌కు తగిలించి, వాటిని ఒకటిగా చూపే అగ్రిగేట్ డివైస్ పెట్టి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ చేస్తే సర్దుకుంటుంది. విండోస్‌లో ఏసియో డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ను రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు కలిపేది) మామూలుగా ఒక్కటే పనిచేస్తుంది.

అందుకే నేను ముందు చూసేది ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) నాణ్యత కాదు, ఛానళ్లన్నీ ఒకే గడియారం మీద నడుస్తాయా లేదా అన్నది.

బెరింజర్ యూఎంసీ1820 ఇంటర్‌ఫేస్‌లో 8 ప్రీయాంప్‌లు, వాటితో పాటు ఏడాట్ పోర్టు (ఒకే కేబుల్‌లో 8 ఛానళ్లు తెచ్చేది) ఉన్నాయి. రేపు మైకులు పెరిగితే ఏడాట్ ఉన్న ఇంకో 8 ప్రీయాంప్‌ల యూనిట్‌ను ఆప్టికల్ కేబుల్‌తో తగిలించి, రెండింటినీ ఒకే గడియారానికి కట్టేయొచ్చు. 96 కిలోహెర్ట్జ్‌లో ఆ దారిన వచ్చేవి 4 ఛానళ్లే. నేను 48 దాటను కాబట్టి పట్టించుకోలేదు. ఫోకస్‌రైట్ 18ఐ20దీ ఇదే దారి, ధర మాత్రం ఎక్కువ.

బెరింజర్ వాళ్లదే డిజిటల్ మిక్సర్ ఎక్స్‌ఆర్18లో 16 ప్రీయాంప్‌లు ఉన్నాయి. యూఎస్‌బీలో 18 ఛానళ్లు విడివిడిగా వస్తాయి. మైకులను తనలోనే కలిపి స్పీకర్లకు పంపుతుంది కాబట్టి ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయినా పాట ఆగదు. గుళ్లో, పెళ్లిళ్లలో ప్రోగ్రాములు చేసేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే తీసుకోవచ్చు. కాకపోతే ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) లేవు, ట్యాబో ఫోనో కంప్యూటరో దగ్గర ఉండాల్సిందే.

చవక అనలాగ్ మిక్సర్లయితే, యూఎస్‌బీ ఉన్నా చాలావాటి నుంచి వచ్చేది మైకులన్నీ కలిసిపోయిన రెండు ఛానళ్ల స్టీరియో మిక్సే. చూసుకుని కొనండి.

నాది ఇంట్లో కూర్చుని మిక్స్ చేసే పని. యూఎంసీ1820 తీసుకున్నాను. మృదంగానికి రెండు, హార్మోనియం, వయొలిన్, తాళాలు, ప్రధాన గాయకుడు, కోరస్‌కు రెండు. ఎనిమిదీ నిండిపోయాయి. చిడతల తాతగారేమో తనకు వేరే మైకు ఏదని అప్పుడే అడుగుతున్నారు.