ఆ ‘ఫిదెవా కిట్’ జోలికి పోకండి, 39 యూరోలు సముద్రంలో పోసినట్టే

స్పెయిన్‌లో ఉన్న మనవాళ్ళకి ఆ నీలం డబ్బా తెలిసే ఉంటుంది, రోజూ ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి కదా. నలుగురికి సరిపడా ఫిదెవా (బియ్యం బదులు నూడిల్స్‌తో చేసే పాయెయా లాంటి స్పెయిన్ వంటకం), అన్నీ లోపలే, అరగంటలో విందు అట. పేరు రాయను, మీకే అర్థమవుతుంది.

ముందు కుంకుమపువ్వు సంగతి. ఒళ్ళు మండింది అక్కడే. మూత మీద బంగారు అక్షరాలతో ‘లా మాంచా’, అంటే కుంకుమపువ్వుకి పేరుపడ్డ స్పెయిన్ ప్రాంతం పేరు. పది పోగులు గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే రెండు సెకన్లలో నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి, పోగులేమో తెల్లదారాల్లా తేలాయి. అసలు సరుకైతే రంగు నెమ్మదిగా, పసుపుగా దిగుతుంది. పావుగంట నానినా పోగు ఎర్రగానే ఉంటుంది. ఫొటో తీసి కంపెనీకి పంపితే వాళ్ళ మనిషి ఇచ్చిన జవాబు: “మీరు ఇండియన్స్ కదా, మసాలాలకి అలవాటు పడ్డ నాలుకకి మా కుంకుమపువ్వు ఏం తెలుస్తుంది?” మన కశ్మీర్‌లోని పాంపోర్ పొలాల్లో పూసేది ఏమిటో పాపం ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు! తీరా డబ్బా తిప్పి చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ‘కొలొరాంతే, ఇ-102, ఇ-124’, అంటే కృత్రిమ రంగులు. వాళ్ళే అచ్చు వేశారు. కళ్ళుండీ చదవకుండా కొన్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. నిజంగా లా మాంచాదైతే డీఓపీ ముద్ర (ఫలానా ప్రాంతపు సరుకే అని చెప్పే యూరప్ గుర్తు), నంబరున్న చీటీ ఉంటాయి. ఇక్కడ రెండూ లేవు.

ఇక నూడిల్స్. వలెన్సియా తీరంలోని గాండియా ఊరి పద్ధతి ఫిదెవాకి లావుపాటి ఫిదెయో (పొట్టి నూడిల్స్) కావాలి, మధ్యలో సన్నటి బోలు ఉండేది. వీళ్ళు పెట్టింది ‘కబెయో దె ఆంహెల్’, అంటే మన సన్న సేమియాకి అన్నదమ్ముడు. కార్డులో మాత్రం 400 గ్రాములకి 1.2 లీటర్ల ఫూమెత్ (చేపలు మరిగించిన రసం), 14 నిమిషాలు అని లావు రకం లెక్కే వేశారు. సన్న రకం నాలుగైదు నిమిషాల్లోనే ఉడికిపోతుంది. మిగతా పది నిమిషాలూ ముద్దవుతూ కూర్చుంటుంది. ఉప్మా అందామంటే ఉప్మాకి అవమానం. సన్నవే దొరికితే ముందు ఆలివ్ నూనెలో ముదురు బంగారు రంగు వచ్చేదాకా వేయించి, 400 గ్రాములకి 850 మిల్లీలీటర్లు మించకుండా ఫూమెత్ పోయాలి.

రొయ్యల ప్యాకెట్ మీద 800 గ్రాములు. మంచు కరిగి, నీళ్ళు కారిపోయాక తూస్తే 530. నికర బరువులో పైనున్న మంచు పొరని లెక్కేయకూడదని యూరప్ నిబంధన ఉంది, దాన్ని ఎవరు పట్టించుకున్నారు? పైగా ఇ-451 అనే ఫాస్ఫేట్ కలిపారు. అది కండలో నీళ్ళు పట్టి ఉంచుతుంది, పెనం వేడెక్కగానే ఆ నీళ్ళన్నీ తెల్లనురగతో బయటికొస్తాయి. రొయ్య వేగదు, ఉడుకుతుంది, రబ్బరవుతుంది. ‘కలమార్’ (స్క్విడ్) అని రాసిన చక్రాలు కూడా నిజానికి ‘పోతా’ అనే చౌకరకం స్క్విడ్‌వే. అంత మందం కలమార్‌కి ఉండదు. ఫూమెత్ ప్యాకెట్ అయితే ముందే ఉప్పు కషాయం, పెనంలో ఇంకేకొద్దీ నోట పెట్టలేం.

డబ్బు వాపసు అడిగితే 20 శాతం తగ్గింపు కూపన్ పంపారు. మళ్ళీ అదే డబ్బా కొనుక్కోవడానికి!

ఇంట్లోనే చేసుకునేవాళ్ళు ఫూమెత్ కోసం చేపల అంగట్లో చిన్నచేపలు, రొయ్య తలకాయలు అడగండి, చవగ్గా ఇస్తారు. మొప్పలు తీసేసి 25 నిమిషాలు మరిగిస్తే చాలు, ఎక్కువైతే చేదెక్కుతుంది. ఇక పెనం కింద మంట తగ్గించి పిమెంతోన్ (స్పెయిన్ ఎర్ర మిరపపొడి) వేశాక పది సెకన్లలో టమాటా పడిపోవాలి. అది మాడిందంటే తర్వాత ఎంత ఫూమెత్ పోసినా ఆ చేదు పోదు.