రస్సెల్ బల్ల, నేగెల్ కేకు ముక్క

తత్త్వశాస్త్రం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నాకు రెండు పుస్తకాలే గుర్తొస్తాయి. ఒకటి బెర్ట్రండ్ రస్సెల్ 1912లో రాసిన ‘ది ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ’. రెండోది థామస్ నేగెల్ 1987లో రాసిన ‘వాట్ డజ్ ఇట్ ఆల్ మీన్?’. ఇద్దరూ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాళ్లే.

రస్సెల్ తన ముందున్న బల్లతో మొదలుపెడతాడు. వెలుతురు పడ్డ చోట బల్ల తెల్లగా మెరుస్తుంది. మనం పక్కకు జరిగితే ఆ మెరుపూ జరుగుతుంది. మరి బల్ల అసలు రంగు ఏది? ఈ ఒక్క ప్రశ్నతో, రోజూ చూసే వస్తువే అపరిచితం అయిపోతుంది. ఆ తర్వాత బర్క్‌లీ, కాంట్, హెగెల్ అనే పాతతరం తత్త్వవేత్తలు వస్తారు. కొత్తవాళ్లకు అక్కడ కాస్త ఊపిరాడదు.

నేగెల్ పేర్ల జోలికి దాదాపు పోడు. ఆయన ఇచ్చే ఉదాహరణ ఇది: క్యాంటీన్ వరసలో మీరు పండు వదిలేసి చాక్లెట్ కేకు తీసుకున్నారు, మర్నాడు పండే తినాల్సిందని నొచ్చుకున్నారు. నిజంగా తినగలిగేవారా? మన ఇష్టం మన చేతిలో ఉందా అనే చర్చ అక్కడే మొదలవుతుంది.

అందుకే ముందు నేగెల్‌నే చదవమంటాను. వాదాన్ని మెట్టుమెట్టుగా కట్టడం మాత్రం రస్సెల్ దగ్గరే నేర్చుకోవాలి. తత్త్వశాస్త్రం విలువ గురించి ఆయన రాసిన చివరి అధ్యాయం, మిగతాది వదిలేసినా సరే, చదివి తీరాలి.