ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు: పనిలో పడి ఏళ్లు గడిచాక నా సమీక్ష

మా ఒడిశా పర్లాకిమిడిలో పదో తరగతి పాసైన పిల్లల అమ్మానాన్నలు నన్ను అడిగేది ఒకటే, "మావాడిని ఎలక్ట్రీషియన్ ట్రేడులో వేయమంటావా బాబూ" అని. వేయండి. కాకపోతే రెండేళ్లు పూర్తవగానే చేతికి పని వచ్చేస్తుందనుకోకండి. నేను ఆ కోర్సు చేసి, తర్వాత మేస్త్రీ దగ్గర హెల్పరుగా తిరిగి, ఇప్పుడు సొంతంగా ఇళ్ల పనులు పట్టుకుంటున్నాను.

ముందు మంచి సంగతి. థియరీ దేనికిరా అనే మేస్త్రీలు చాలామంది ఉంటారు, మా మేస్త్రీ కూడా "ఏట్రా, పుస్తకం చూసి ఫాల్టు పట్టీగలవా" అని ఆటపట్టించేవాడు. ఒక రెండంతస్తుల ఇంట్లో మెట్ల దగ్గర లైటు వేస్తే చాలు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోయేది. అది పాడైందని కొత్తది పెట్టారు, అదీ పడింది, చివరికి పీకేసి డైరెక్టు చేసేద్దామన్నారు. ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అనే. 30 మిల్లీ ఆంపియర్ల రకమైతే ఆ మాత్రం తేడా చాలు, పడిపోతుంది. ఆ లైటుకి ఫేజు ఆర్‌సీసీబీ ఉన్న కింది బోర్డు నుంచి, న్యూట్రల్ ఆ ఆర్‌సీసీబీ గుండా పోని పై బోర్డు నుంచి లాగారు, వెళ్లింది ఒక దారి, వచ్చింది ఇంకో దారి. న్యూట్రల్ కూడా కిందికే మార్చాం, అంతే. క్లాసులో ఆ బొమ్మ గీయించకపోతే నాకూ తట్టేది కాదు.

ఇక లోటు. మాకు చెక్క బోర్డు మీద క్లిప్పులు కొట్టి వైరింగ్ నేర్పారు, బయటేమో స్లాబు పోసే ముందే పైపులు పరవాలి, గోడకి గాడి కొట్టాలి, వంపుల్లో వైరు లాగాలి. మోటారు వైండింగ్‌కి బోలెడు టైమిచ్చారు, ఫాల్టు వెతకడానికి మాత్రం దాదాపు ఏమీ లేదు. మనకి డబ్బులొచ్చేది మాత్రం దాంతోనే! సాకెట్టులో రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగితే రెండు ఫేజులొచ్చాయని కంగారు పడతారు, చాలాసార్లు అది న్యూట్రల్ ఎక్కడో తెగిపోయి, ఆన్‌లో ఉన్న బల్బు గుండా తిరిగొచ్చిన ఫేజే. ఇవన్నీ మేస్త్రీ వెనక తిరిగితేనే వచ్చాయి. పాయింటు లెక్కన రేటు మాట్లాడటం, ఇంటికి ఎంత వైరు పడుతుందో అంచనా కట్టడం కూడా అంతే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా గజపతి జిల్లా అతలాకుతలమైంది కదా. అలాంటప్పుడు జనరేటరు తెచ్చి, మెయిన్ తీయకుండానే సాకెట్టులో గుచ్చేసే పద్ధతి ఒకటుంది. ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాటితే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది, అవతల స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. చేంజోవర్ స్విచ్ (ఇంటికి లైనో జనరేటరో ఒక్కటే కలిపేది) పెట్టనిదే జనరేటరు కనెక్షన్ ఇవ్వకూడదు, ఇంటాయన ఎంత బతిమాలినా సరే.

సోలార్ పని కూడా ఇప్పుడు బాగా అడుగుతున్నారు. ప్యానెళ్ల వైపు డీసీ ఉంటుంది, అక్కడ మామూలు ఏసీ ఎంసీబీ (లోడు ఎక్కువైనా షార్టైనా పడిపోయే స్విచ్) పనికిరాదు, డీసీలో ఆర్క్ (స్విచ్ తెరిచినప్పుడు వచ్చే మంట) ఒకసారి పుడితే అంత తేలిగ్గా ఆరదు. మా రోజుల్లో దీన్ని పైపైన చెప్పి వదిలేశారు, చేరే ముందు అక్కడ సోలార్ ప్రాక్టికల్ ఉందో లేదో కనుక్కోండి.

కోర్సుకి నేనిచ్చేది 5కి 3.5. ఆ మార్కుల్లో ఎక్కువ భాగం థియరీకీ, మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) వాడటం నేర్పినందుకూనే. కొత్త వైరింగ్‌కి కరెంటిచ్చే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో చూసి, ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) అయినా వస్తేనే మెయిన్ ఎక్కించే అలవాటు నాకు అక్కడే పడింది.

ఇంకోటి, ఐటీఐ సర్టిఫికెట్టు వేరు, వైరింగ్ పని చేయడానికి రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వర్క్‌మన్ పర్మిట్ వేరు. పర్మిట్ ఇచ్చేది ఏ రాష్ట్రానికా రాష్ట్రం. పొద్దున ఇక్కడా మధ్యాహ్నం ఆంధ్రాలోని పాతపట్నంలోనూ పని చేసే మాలాంటివాళ్లు మన ఒడిశా కాగితం అటువైపు చెల్లుతుందో లేదో పని ఒప్పుకోకముందే అడిగి తెలుసుకోవాలి.