ముక్కల బొంతలు కుట్టేవారికి: ఆ అక్రిలిక్ స్కేళ్ల సెట్ కొనేముందు ఒక్కమాట

పాలకొల్లు, నరసాపురం, భీమవరం వైపు ముక్కల బొంతలు కుట్టి అమ్మే ఆడవాళ్లలో చాలామంది ఇప్పుడు కత్తెర పక్కన పెట్టి, ఆన్‌లైన్‌లో అక్రిలిక్ స్కేళ్ల సెట్లు తెప్పించుకుంటున్నారు. పొడవు స్కేలు, త్రికోణం స్కేలు, గుండ్రటి బిళ్లతో గుడ్డ కోసే రోటరీ కట్టరు, కింద పరిచే మ్యాటు అన్నీ కలిపి చవకగా వస్తున్నాయి. నేను కూడా తెప్పించాను. అందులో పొడవు స్కేలు మీద అంగుళమే దొంగ అంగుళం.

అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. ఆ స్కేలు మీద సరిగ్గా 25కి ఒక గీత కొట్టారు. ఒక్క అంగుళం దగ్గర ఆ తేడా కంటికి ఆనదు. 12 అంగుళాలకు 4.8 మిల్లీమీటర్లు, 24 అంగుళాలకు దాదాపు సెంటీమీటరు తగ్గిపోతుంది.

ముక్కలన్నీ ఆ స్కేలుతోనే కోస్తే అనుమానమే రాదు. అన్నీ ఒకే లెక్కన తగ్గుతాయి కాబట్టి ఒకదానికొకటి చక్కగా కలుస్తాయి. బొంత కాస్త చిన్నదవుతుంది, అంతే. చిక్కంతా త్రికోణం స్కేలుతో వచ్చింది. దాని మీద అంగుళం అసలుదే! ఉయ్యాల బొంతకు 4 అంగుళాల గళ్లు వేశాను. కుట్టుకు చుట్టూ పావు అంగుళం కలిపి నాలుగున్నరకు కోసిన చదరాలు 112.5 మిల్లీమీటర్లే వచ్చాయి. త్రికోణాలు జతచేసి కుట్టిన గళ్లు 114.3 ఉన్నాయి. పది చదరాల వరుస కింద పది త్రికోణపు గళ్ల వరుస పెడితే 18 మిల్లీమీటర్లు మిగిలిపోయింది. గుండుసూదులు పెట్టి లాగినా, ఇస్త్రీ చేసినా మూలలు కలవలేదు, కింది వరుస ముడతలు పడింది. రాజమండ్రి తాడితోటలో ఏరి కొన్న నూలు గుడ్డ అది. స్కేలు ఖరీదు పోతే పోయింది, గుడ్డ పోయిందన్నదే నా బాధ.

అమ్మినవాళ్లను అడిగితే ‘చేతిపనిలో ఆమాత్రం తేడా సహజం’ అన్నారు. గీతలు అచ్చువేసింది యంత్రమైతే చేతిపని ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లకే తెలియాలి. పైగా వాపసు గడువు దాటిపోయిందట. అందుకే పెట్టె రాగానే, గుడ్డ ముట్టుకోకముందే పరీక్షించండి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మంచి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడండి. 12 అంగుళాల గీత 30 సెంటీమీటర్లు దాటి ఇంకో అర సెంటీమీటరు దగ్గర పడాలి. సరిగ్గా 30 మీదే పడితే పెట్టె మూసి తిప్పి పంపండి. గుడ్డ టేపుతో మాత్రం పోల్చవద్దు, వాడిన టేపు సాగుతుంది.

ఇంకో లోపం, ఇది వేళ్లకు సంబంధించినది. నాకు వచ్చిన స్కేలు మరీ పలచన. గట్టిగా నొక్కితే వంగుతోంది, కట్టరు బిళ్ల అంచు మీదికి ఎక్కుతోంది. 3 మిల్లీమీటర్ల మందానికి తక్కువైతే తీసుకోకండి. గీతలు అడుగు వైపు, గుడ్డకు తగిలేలా ఉండాలి. పైన అచ్చువేస్తే తల కాస్త పక్కకు వంచగానే గీత జరిగినట్టు కనిపిస్తుంది.

త్రికోణం కొన తెగినట్టు ఉందని కొందరు తిట్టుకుంటున్నారు. అది లోపం కాదు. కుట్టాక మూలల్లో బయటికి పొడుచుకొచ్చే గుడ్డ కొనలు (చెవులంటాం) ముందే పోవడానికే అలా చేస్తారు. కానీ దానికి కొలత వేరు. 4 అంగుళాల గడికి కొన తెగిన స్కేలుతో అయితే నాలుగున్నర అంగుళాల వెడల్పు గుడ్డ పట్టీ చాలు. మామూలుగా చదరాన్ని ఐమూలగా కోసి జతచేయాలంటే ఆ చదరం 4 7/8 అంగుళాలు ఉండాలి. ఈ ముక్క చెప్పే కాగితం ఒక్కటి కూడా సెట్‌లో లేదు.

తయారుచేసినవారి చిరునామా, ఏ దేశంలో తయారైందో కూడా పెట్టె మీద లేవు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం చిరునామా ఉండి తీరాలి, దిగుమతి సరుకైతే దేశం పేరు కూడా ఉండాలి. ఆ పెట్టె ఫొటోలు, స్టీలు స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలు దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. డబ్బు తిరిగి వస్తే ఆ సంగతీ రాస్తాను.