ఏడాదికి ఒక పంటా, రెండు పంటలా? కోస్టారికా లీగ్‌లో ఏ పద్ధతి మేలు

2021 వేసవి. కోస్టారికా ఫుట్‌బాల్ మొదటి డివిజన్‌లో క్లౌసురా (ఏడాదిలో జరిగే రెండు టోర్నీల్లో రెండోది) లీగ్ దశ ముగిసేసరికి పట్టికలో పైన ఉన్నది అలహుయెలెన్సే. బద్ధశత్రువు సప్రీసా పడుతూ లేస్తూ నాలుగో స్థానంలో సెమీస్ గుమ్మం దాటింది. చివరికి కప్పు ఎత్తింది మాత్రం సప్రీసానే. అది వాళ్లకి 36వ టైటిల్.

మనకిదేం కొత్త కథ కాదు. 2009 ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ కూడా నాలుగో స్థానంలోనే సెమీస్‌కి వచ్చి, పట్టికలో మొదట ఉన్న ఢిల్లీని ఇంటికి పంపి, కప్పు తెచ్చుకున్నారు. అప్పుడు హైదరాబాద్‌లో అన్యాయం అన్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఢిల్లీ వాళ్లని అడిగితే ఏమనేవారో.

అయితే ఒక తేడా ఉంది. ఢిల్లీ కథ ఆ ఒక్క సెమీస్‌తోనే ముగిసింది. సెమీస్‌లో సప్రీసా చేతిలో ఓడిన అలహుయెలెన్సేకి కోస్టారికా నిబంధన ఇంకో అవకాశం ఇచ్చింది. లీగ్ దశలో మొదటి స్థానంలో నిలిచిన జట్టు నాకౌట్‌లో దెబ్బతిన్నా ఇంటికి పోనక్కర్లేదు. నాకౌట్ గెలిచిన జట్టుతో 'గ్రాన్ ఫైనల్' ఆడొచ్చు. ఆడారు. అదీ ఓడిపోయారు!

ఇంతకీ ఛాంపియన్‌ని ఎలా తేల్చాలి? యూరప్‌లోలా ఏడాది పొడవునా ఒకే పట్టిక పెట్టి పైనున్నవాడికి కప్పు ఇవ్వాలా? మధ్య అమెరికాలో చాలా దేశాల్లోలా ఏడాదికి రెండు చిన్న టోర్నీలు పెట్టి ఇద్దరు ఛాంపియన్లని చేయాలా? రెండోదే అయితే లీగ్ దశ విజేతకి ఏమివ్వాలి? ఈ విషయంలో నేను రెండు మూడుసార్లు మనసు మార్చుకున్నాను.

ముందు పేర్ల సంగతి. ఇప్పుడు అపెర్తురా (ప్రారంభం), క్లౌసురా (ముగింపు) అంటున్నారు గానీ, 2017 దాకా కొన్నేళ్లపాటు కోస్టారికాలో వీటిని ఇన్వియెర్నో, వెరానో అనేవారు. నిఘంటువు చూస్తే చలికాలం, వేసవి. కానీ కోస్టారికాలో మంచు కురిసే చలికాలం ఎక్కడిది? మే నుంచి నవంబరు దాకా వానలు పడే కాలాన్నే అక్కడి జనం ఇన్వియెర్నో అంటారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండలు, అదే వెరానో. జులై నుంచి డిసెంబరు దాకా ఒక టోర్నీ, జనవరి నుంచి మే దాకా ఇంకోటి. మన లెక్కలో చెప్పాలంటే ఒకటి వానాకాలం పంట, ఇంకోటి యాసంగి.

ఏడాదికి ఒకే పంట వేసే పద్ధతికి ఉన్న బలం అందరికీ తెలిసిందే. అందరూ అందరితో, ఇంటా బయటా, ఎండలోనూ వానలోనూ ఆడాక పైనున్నది నిజంగా మంచి జట్టే అయి ఉంటుంది. 1972 నుంచి 1977 దాకా సప్రీసా వరసగా ఆరేళ్లు ఛాంపియన్ అయింది. అప్పుడు ఏడాదికి ఒక్క టైటిలే. ఇప్పుడు మూడేళ్లలో ఆరు టైటిళ్లు సాధ్యం. అందుకే ఆ ఆరింటినీ ఈనాటి లెక్కలతో పక్కపక్కన పెట్టి పోల్చడం నాకు మింగుడుపడదు. 2022 అపెర్తురా నుంచి 2024 క్లౌసురా దాకా సప్రీసా వరసగా నాలుగు గెలిచింది. గొప్పే, కాదనను. కానీ అది రెండేళ్ల పని.

ఒకే పట్టికలో ఉన్న బలహీనత పెద్ద లీగుల్లో అంతగా కనపడదు. కోస్టారికా లాంటి చిన్న దేశంలో బాగా కనపడుతుంది. సప్రీసా, అలహుయెలెన్సే, ఎరెదియానో అనే మూడు పెద్ద క్లబ్బుల్లో ఒకటి ఫిబ్రవరికల్లా పది పాయింట్లు ముందుకు పోయిందనుకోండి, మిగతా జట్లకి మే దాకా ఆడటానికి కారణం ఉండదు. చూడటానికి జనానికీ ఉండదు. చిన్న ఊరి క్లబ్బుకి టికెట్ డబ్బే ప్రాణం. ఆరు నెలలకోసారి అందరి ఖాతా మళ్లీ సున్నా నుంచి మొదలైతే, ఏ ఊరికైనా జనవరిలో కొత్త ఆశ పుడుతుంది. సాన్ కార్లోస్ 2019 క్లౌసురాలో తన మొదటి టైటిల్ గెలిచింది. అంతకుముందు 2017 అపెర్తురాలో పెరెస్ సెలెదోన్‌ది కూడా మొదటి టైటిలే. ఒకే పట్టిక ఉన్న ఏడాదిలో ఈ రెండూ జరిగి ఉండేవా? నాకైతే నమ్మకం లేదు.

పక్కనే గ్వాటెమాలా ఇంకా గట్టి ఉదాహరణ. రాజధానిలోని మునిసిపాల్, కొమునికాసియోనెస్ దశాబ్దాలుగా టైటిళ్లు పంచుకున్న లీగ్ అది. 2012 నుంచి 2015 దాకా కొమునికాసియోనెస్ వరసగా ఆరు టోర్నీలు గెలిచేసింది. తర్వాత గోడ కూలింది. 2018లో గ్వాస్తతోయా, 2021లో ముందు సాంతా లూసియా, ఆ ఏడాది చివర్లో మలకతెకో తొలిసారి ఛాంపియన్లయ్యాయి. 2023లో కెట్సల్తెనాంగో కొండ ఊరి షెలాహు పదకొండేళ్ల తర్వాత కప్పు తెచ్చుకుంది.

అలాగని పొట్టి టోర్నీ పెడితే చాలు, చిన్నవాళ్లు గెలిచేస్తారని అనుకోకండి. హోండురాస్‌లోనూ 1990ల చివరి నుంచి ఇదే పద్ధతి. అక్కడ ఒలింపియా టైటిళ్లు పోగేసుకుంటూనే ఉంది. తెగుసిగాల్పాలో ఒలింపియా, మొతాగ్వా, సాన్ పెద్రో సులాలో మరథోన్, రెయాల్ ఎస్పాన్యా. ఈ నాలుగూ కాకుండా వేరే జట్టు గెలిస్తే అది వార్త. డబ్బూ ఆటగాళ్లూ ఒకచోటే పోగుపడితే నాకౌట్ మాత్రం ఏం చేస్తుంది?

రెండు పంటల వల్ల ఇంకో లాభం ఉంది. ఒక పంట పోయినా ఇంకోటి మిగులుతుంది. హోండురాస్‌లో 2020 క్లౌసురా కోవిడ్ వల్ల రద్దయింది. అంతకు ముందు డిసెంబరులో అపెర్తురా ఛాంపియన్ ఎలాగూ తేలిపోయాడు కాబట్టి ఆ ఏడాది మొత్తం గాలికి పోలేదు. ఎల్ సాల్వడార్‌ది మాత్రం బాధాకరమైన కథ. 2023 మే 20న కుస్కత్లాన్ స్టేడియంలో అలియాన్సా, ఫాస్ క్వార్టర్ ఫైనల్ చూడటానికి వచ్చిన జనం గేటు దగ్గర తొక్కిసలాటలో చిక్కుకుని 12 మంది చనిపోయారు. ఆ క్లౌసురాని ఆపేశారు, ఛాంపియన్‌ని ప్రకటించలేదు. దాన్ని లాభనష్టాల లెక్కలో వేయడానికి మనసొప్పదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఏ పద్ధతిలోనైనా నాకౌట్ అంటే ఒక్క రాత్రికి ఊరంతా ఒక గేటు దగ్గరికి రావడం.

ఇక మధ్యేమార్గాలు. కోస్టారికాలోనే 2007కి ముందు ఒక పాత పద్ధతి ఉండేది. అపెర్తురా గెలిచినవాడూ క్లౌసురా గెలిచినవాడూ ఫైనల్ ఆడితే ఏడాదికి ఒక్క ఛాంపియన్. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ డిసెంబరులో గెలిచిన జట్టుకి ఫైనల్ బెర్తు ఖాయమైపోయాక జనవరి నుంచి మే దాకా ఎంత కసిగా ఆడుతుంది? మే నెల ఫైనల్‌కి వచ్చేది డిసెంబరు నాటి జట్టేనా? ఆటగాళ్లు మారిపోతారు, కోచ్ మారిపోతాడు. పాత ఫామ్‌కి కొత్త పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. ఈ పద్ధతిని వదిలేసి మంచి పనే చేశారు.

మిగిలింది ఇప్పటి గ్రాన్ ఫైనల్. లీగ్ దశలో మొదటి స్థానంలో నిలిచిన జట్టే నాకౌట్ కూడా గెలిస్తే కథ అక్కడితో సమాప్తం. వేరే జట్టు గెలిస్తేనే గ్రాన్ ఫైనల్. మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌తో పోల్చి చూడండి. 2021-22లో పట్టికలో మొదటి జట్టుకిచ్చే లీగ్ షీల్డ్ జంషెడ్‌పూర్‌కి వెళ్లింది, ప్లేఆఫ్స్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచింది. రెండు ట్రోఫీలు, ఇద్దరు విజేతలు. అసలు ఛాంపియన్ ఎవరంటే ఎవరి సమాధానం వారిది. హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన పెనాల్టీలు గుర్తున్న నాకు నా సమాధానం నాకుంది, జంషెడ్‌పూర్ వాళ్లకి వాళ్లది. కోస్టారికా ఈ తగువుని పుస్తకంలో వదిలేయలేదు. మీరిద్దరూ మైదానంలోకి దిగి తేల్చుకోండి అంది.

దీని మీద వినపడే ఫిర్యాదు, లీడర్‌కి ఉచితంగా రెండో బతుకు ఇస్తున్నారని. అది అంత ఉచితమేమీ కాదని అలహుయెలెన్సే అభిమానిని అడిగితే చెబుతాడు. 2013 చివర్లో 29వ టైటిల్ గెలిచాక 30వదాని కోసం వాళ్లు ఏడేళ్లు ఎదురుచూశారు. 2019 అపెర్తురాలో పట్టికలో మొదటి స్థానం సాధించి, ఆఖరికి ఎరెదియానో చేతిలో పెనాల్టీల్లో ఓడారు. 2020 డిసెంబరులో ఆ కరువు తీరింది. తీరిన ఆరు నెలలకే మొదట చెప్పిన సప్రీసా దెబ్బ. అయినా 'మమ్మల్ని ఒక్క చెడ్డ రాత్రికి బలి చేశారు' అని అనలేరు. 2021లో నాలుగో స్థానం జట్టు మొదటి స్థానం జట్టుని ఒకే నెలలో రెండుసార్లు, సెమీస్‌లోనూ గ్రాన్ ఫైనల్లోనూ దాటాల్సి వచ్చింది. రెండుసార్లూ దాటినవాడిని అదృష్టం అని కొట్టిపారేయలేం కదా. అందుకే నా ఓటు కోస్టారికా పద్ధతికి. పట్టికకి విలువ ఉంటుంది, నాకౌట్ టెన్షనూ ఉంటుంది.

నాకు నచ్చనిది ఒక్కటే. ఛాంపియన్‌ని ఆరు నెలలకోసారి కొత్త లెక్కతో తేలుస్తారు గానీ, రెండో డివిజన్‌కి దిగిపోయేవాడిని తేల్చేటప్పుడు రెండు టోర్నీల పాయింట్లూ కలిపేస్తారు. అపెర్తురాలో కుప్పకూలిన చిన్న జట్టు జనవరిలో 'కొత్త పంట' అనుకుని దిగితే, పాత అప్పు అక్కడే కూర్చుని ఉంటుంది. పైవాళ్లకి ఖాతా సున్నా అవుతుంది, కిందివాళ్లకి వడ్డీతో సహా నడుస్తుంది. చివరి రెండు జట్ల మధ్యా ఒక గ్రాన్ ఫైనల్ లాంటిది పెడితే ఏం పోతుంది?

చూడాలనుకునేవాళ్లకి ఒక మాట. అక్కడి టైముకీ మనకీ పదకొండున్నర గంటల తేడా. సాన్ హోసేలో రాత్రి ఎనిమిదికి మొదలైన ఫైనల్ మనకి మర్నాడు పొద్దున ఏడున్నరకి, సరిగ్గా ఇడ్లీ ప్లేటు ముందుకొచ్చే వేళకి వస్తుంది.