షుగీ ఓటిస్ ‘ఇన్‌స్పిరేషన్ ఇన్ఫర్మేషన్’: రెండు రీఇష్యూల్లో ఏది కొనాలి?

అమెరికన్ గిటారిస్టు షుగీ ఓటిస్ 1974లో చేసిన ‘ఇన్‌స్పిరేషన్ ఇన్ఫర్మేషన్’ ఆల్బమ్ నా దగ్గర రెండు రీఇష్యూల్లో, అంటే తర్వాతి కాలంలో మళ్లీ విడుదలైన రెండు రూపాల్లో ఉంది. ఒకటి 2001లో లువాకా బాప్ కంపెనీ వేసిన సీడీ. రెండోది 2013లో ఎపిక్, లెగసీ అనే రికార్డు కంపెనీల వాళ్లు ‘వింగ్స్ ఆఫ్ లవ్’ అనే మరో సీడీ జోడించి తెచ్చిన సెట్. రెండూ ఏళ్ల తరబడి వింటున్నాను. ఏది కొనాలో ముందే చెప్పేస్తాను: 2013 సెట్టే. అయితే అందరూ మెచ్చుకునే ఆ రెండో సీడీ కోసం మాత్రం కాదు.

షుగీ పేరు వినని వాళ్లకోసం నాలుగు ముక్కలు. లాస్ ఏంజెలెస్‌లో పేరున్న బ్యాండ్ లీడర్ జానీ ఓటిస్ కొడుకు. పన్నెండు పదమూడేళ్లకే నాన్న బ్యాండ్‌లో గిటార్ పట్టాడు. మందు అమ్మే క్లబ్బుల్లో పిల్లల్ని రానివ్వరు కాబట్టి నల్ల కళ్లద్దాలు, అంటించుకున్న మీసంతో స్టేజీ ఎక్కేవాడట. 1969లో రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా ట్రాకు ‘పీచెస్ ఎన్ రెగేలియా’లో బేస్ వాయించేనాటికి అతనికి పదిహేనేళ్లు. ‘ఇన్‌స్పిరేషన్ ఇన్ఫర్మేషన్’ ఆల్బమ్‌కి దాదాపు మూడేళ్లు పట్టింది. గిటార్, బేస్, డ్రమ్స్, ఆర్గన్ అన్నీ తనే వాయించాడు. వయొలిన్లకీ బాకాలకీ కూడా స్వరాలు తనే రాసి వేరేవాళ్ల చేత వాయింపించాడు. ఇంతా చేస్తే ఆల్బమ్ అమ్ముడుపోలేదు, ఎపిక్ అతన్ని వదిలేసింది. బ్రిటిష్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ వాళ్లు తమతో చేరమంటే వెళ్లలేదు కూడా. వెళ్లుంటే ఏమయ్యేదో అని బాధపడే అభిమానులున్నారు. నాకైతే ఆ బాధ లేదు.

ఈ కథంతా విని, ‘కాలం కంటే ముందున్న మేధావి’ అన్న పొగడ్తలు చదివి కొన్నవాళ్లకి మొదట్లో కాస్త నిరాశ తప్పదు. మొదటి పాట, అంటే టైటిల్ సాంగ్, చక్కటి ఫంక్, అంటే లయ ప్రధానంగా సాగే నల్లజాతి అమెరికన్ల సంగీతం. కాలు ఆడుతుంది. అది విని మిగతావీ అలాగే ఉంటాయనుకుంటే ‘ఐలాండ్ లెటర్’ నెమ్మదిగా, మబ్బుగా సాగిపోతుంది. ‘స్పార్కిల్ సిటీ’లో గొంతు కోసం చాలాసేపు ఎదురుచూడాలి. ‘ఆట్ అ మై హెడ్’ దగ్గరికి వస్తే డ్రమ్స్ బదులు రిథమ్ బాక్స్, అంటే తనంతట తనే తాళం వేసే యంత్రం, టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. 1974లో సోల్ పాటకి ఈ పెట్టె వాడినవాళ్లు తక్కువే. ఫంక్ గాయకుడు స్లై స్టోన్ అంతకు మూడేళ్ల ముందే వాడాడు గానీ, అక్కడ అది బరువుగా, మత్తుగా ఉంటుంది. షుగీ చేతిలో అదే పెట్టె ఎంతో సున్నితంగా పలుకుతుంది. దాని మీద ఆర్గన్, ఆ పైన వయొలిన్లు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఏదీ ఇంకోదాన్ని తొక్కేయదు.

అసలు నన్ను ఇన్నేళ్లు పట్టి ఉంచింది 1974 నాటి ఎల్పీ రికార్డు రెండో వైపు. ‘హ్యాపీ హౌస్’ నిమిషం దాటగానే అయిపోతుంది. అక్కడితో మాటలు కూడా అయిపోయినట్టే. ‘రెయినీ డే’, ‘ఎక్స్ఎల్-30’, ‘ప్లింగ్’, ‘నాట్ అవైలబుల్’ నాలుగూ వాద్య సంగీతమే. మన సినిమా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్ కోసమే పాటంతా వినేవాళ్లుంటారు చూడండి, వాళ్లకి ఇది రాసిపెట్టిన సంగీతం. ‘రెయినీ డే’లో గిటార్ ఎక్కడా గొప్ప చూపించుకోదు. ఒక్కో వాక్యం వాయించి ఆగుతుంది, వెనక వయొలిన్లు దానికి జవాబు చెబుతాయి. ‘ప్లింగ్’ మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. రాత్రి లైట్లన్నీ ఆపేశాక హెడ్‌ఫోన్స్‌లో వింటే గానీ అందులో ఎన్ని పొరలున్నాయో తెలియదు. బస్సులో, కారులో ఇది వినడం దండగ. మొత్తం తొమ్మిది ట్రాకులు, అరగంట దాటగానే అయిపోతాయి. అంత చిన్నదిగా ఉండటమే దాని బలం.

2001 సీడీతో నా పేచీ అక్కడే. లువాకా బాప్ టాకింగ్ హెడ్స్ బ్యాండ్ గాయకుడు డేవిడ్ బర్న్ స్థాపించిన కంపెనీ. వాళ్లు వేయకపోతే నాలాంటివాళ్లకి షుగీ దొరికేవాడే కాదు, ఆ రుణం ఉంది. కానీ తొమ్మిదో ట్రాకు కాగానే షుగీదే 1971 నాటి ‘ఫ్రీడమ్ ఫ్లైట్’ ఆల్బమ్ నుంచి నాలుగు పాటలు తెచ్చి అతికించారు. ‘నాట్ అవైలబుల్’ సద్దుమణగగానే ‘స్ట్రాబెర్రీ లెటర్ 23’ గంటలు మోగించుకుంటూ వచ్చేస్తుంది. పెళ్లి భోజనంలో పెరుగన్నం తిని లేవబోతుంటే మళ్లీ పులిహోర వడ్డించినట్టు. పులిహోర బాగోలేదని కాదు. ఆ పాట అతని పాటలన్నిటిలోకీ పేరున్నది. 1977లో క్విన్సీ జోన్స్ నిర్మాణంలో బ్రదర్స్ జాన్సన్ అనే అన్నదమ్ముల జంట పాడితే అమెరికా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో నంబర్ వన్ అయింది. నాకు మాత్రం షుగీదే ఎక్కువ ఇష్టం. మాటలైపోయాక చివర్లో గిటార్ సుడులు తిరుగుతూ పోయే చోట బ్రదర్స్ జాన్సన్ కంటే ఇతని దగ్గర తొందర తక్కువ. ఆ పాట స్థానం మాత్రం ఇక్కడ కాదు.

2013 సెట్‌లో తొమ్మిది పాటల తర్వాత కూడా కొసరు పాటలున్నాయి, కానీ అవి ‘ఫ్రీడమ్ ఫ్లైట్’ నుంచి తెచ్చి అతికించినవి కావు. ప్లేయర్‌లో తొమ్మిది దాకా ప్రోగ్రామ్ పెట్టుకుంటే గొడవ లేదు. సౌండ్‌లో పెద్ద తేడా నా చెవికి దొరకలేదు. రెండో సీడీలో 1975 నుంచి 2000 దాకా రికార్డ్ చేసి విడుదల కాని పాటలున్నాయి. ‘ఇన్నాళ్లూ దాచిన నిధి’ అన్నంత లేదు. ఎనభైల నాటి సింథ్ మోతలో కొన్ని మునిగిపోయాయి. పది నిమిషాలు దాటే టైటిల్ పాటలో మాత్రం అతని పాత ఓపిక మళ్లీ కనిపిస్తుంది. అందులో గిటార్ వచ్చే భాగం కోసం ఇప్పటికీ పెడుతుంటాను. మిగతావాటిలో చాలా పాటలు దాటేస్తాను.

కొనేవాళ్లకి ఒక హెచ్చరిక: నేను విదేశం నుంచి తెప్పించుకుంటే పెట్టె పగిలి వచ్చింది, అమ్మినవాడు జవాబే ఇవ్వలేదు. దగ్గర్లో రికార్డుల షాపు ఉంటే చేత్తో చూసి కొనండి. ‘స్ట్రాబెర్రీ లెటర్ 23’ కోసం ‘ఫ్రీడమ్ ఫ్లైట్’ విడిగా తీసుకోవడం మేలు. అందులో ఉన్నవి ఏడు పాటలు. లువాకా బాప్ వదిలేసిన మూడింటిలో ‘పర్పుల్’ అనే నింపాది బ్లూస్ ఒకటుంది, ముందు అది వినండి.