మియాటాలో హోండా కె24 ఇంజిన్, రెండు డైనో ట్యూనింగులు: మూడేళ్ల వాడకం తరువాత నా సమీక్ష

నా 1994 మాజ్డా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారులోని పాత 1.8 లీటర్ల ఇంజిన్ తీసేసి, 2006 అక్యురా టీఎస్ఎక్స్ (అక్యురా హోండా వారి బ్రాండే) నుంచి వచ్చిన హోండా కె24ఏ2 ఇంజిన్ బిగించి మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో డాలస్ చుట్టుపక్కల రోడ్ల మీద, క్రెస్సన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్ మీద కలిపి సుమారు 19 వేల మైళ్లు నడిపాను. డైనో ట్యూనింగ్ (చక్రాలను రోలర్ల మీద తిప్పి శక్తిని కొలిచే యంత్రం మీద బండి కంప్యూటర్‌ను సరిచేయడం) మాత్రం రెండు చోట్ల, రెండుసార్లు చేయించవలసి వచ్చింది. ఒకే ఇంజిన్, ఒకే కంప్యూటర్, అవే విడిభాగాలు ఉన్నా మొదటి ట్యూనింగ్‌తో నడిచిన బండికీ, రెండవ దానితో నడిచిన బండికీ పోలికే లేదు. ఈ సమీక్ష ఆ తేడా గురించే.

ఇంజిన్ మార్చిన బండికి ట్యూనింగ్ ఎందుకు తప్పదో ముందు చెప్పాలి. టీఎస్ఎక్స్‌లో ఈ 2.4 లీటర్ల ఇంజిన్ 205 హార్స్‌పవర్ ఇచ్చేది. మియాటా పాత ఇంజిన్ ఇచ్చినది 128. అయితే హోండా ఆ ఇంజిన్‌ను సిద్ధం చేసింది తన ఇన్‌టేక్‌కు, తన ఎగ్జాస్ట్‌కు. నా బండిలో ఎగ్జాస్ట్ హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే మొదటి గొట్టాలు) వేరు, గాలి వచ్చే గొట్టం వేరు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ స్థానంలో తీగతో లాగే థ్రాటిల్ బాడీ వచ్చింది, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు అక్యురా ఆర్డీఎక్స్ నుంచి తీసినవి, నిమిషానికి 410 సీసీవి. కంప్యూటర్‌గా హోండాటా కేప్రో పెట్టాను. దానిలో మొదట ఎక్కించే మ్యాపు (ఎప్పుడు ఎంత ఇంధనం, ఎప్పుడు నిప్పురవ్వ అని చెప్పే పట్టిక) బండిని స్టార్టు చేసి డైనో దాకా నెమ్మదిగా తీసుకుపోవడానికే తప్ప, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడానికి కాదు.

మొదటి షాపులో పని రెండు గంటల్లో ముగిసింది. నాలుగో గేరులో, అంటే ఈ ఐదు గేర్ల పెట్టెలో నిష్పత్తి సరిగ్గా ఒకటికి ఒకటి ఉండే గేరులో, ఆరేడుసార్లు పూర్తి థ్రాటిల్‌తో రోలర్ల మీద పరుగెత్తించి, 214 హార్స్‌పవర్ అని ముద్రించిన కాగితం చేతిలో పెట్టారు. నేను ఎంతో సంతోషంగా ఇంటికి వచ్చాను. వారం తిరగక ముందే సంతోషం తగ్గింది. పార్కింగ్‌లో మెల్లగా పోతున్నప్పుడు, 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య, బండి ముందుకూ వెనక్కూ ఊగేది. పక్కన కూర్చున్న నా భార్య, ఇంజిన్ కొత్తదని చెప్పినా నమ్మలేదు. హైవే మీద స్థిరంగా పోతున్నప్పుడు కూడా ఇంధన మిశ్రమం చిక్కగా (గాలికి తగినదానికన్నా పెట్రోలు ఎక్కువగా) ఉండడంతో గ్యాలనుకు 24 మైళ్లకు మించి రాలేదు, ఆగిన ప్రతిచోటా పెట్రోలు వాసన వచ్చేది. తరువాత కంప్యూటర్‌లోని మ్యాపు తెరిచి చూస్తే ఆక్సిజన్ సెన్సర్‌ను బట్టి మిశ్రమాన్ని సరిచేసుకునే సదుపాయాన్నే ఆపేసి ఉంచారు. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి ఉద్గారాల పరీక్ష లేదు కనుక దీన్ని ఎవరూ అడగరు. కానీ నేను కావాలని ఉంచుకున్న, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను అలాంటి చిక్కని మిశ్రమం త్వరగా పాడుచేస్తుంది.

ఆ 214 అంకె గురించి కూడా ఒక మాట. డైనో ఆ రోజు వాతావరణాన్ని బట్టి ఫలితాన్ని సరిదిద్దుతుంది, ఆ సరిదిద్దే లెక్కలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. పాత ఎస్టీడీ లెక్క 60 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లని గాలిని ప్రమాణంగా తీసుకుంటుంది. ఎస్ఏఈ లెక్క 77 డిగ్రీలను తీసుకుంటుంది. అదే పరుగును ఎస్ఏఈ లెక్కలోకి మార్చి చూస్తే దాదాపు 206 వచ్చింది. ఇంజిన్ అదే, పరుగు అదే. కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఏ లెక్క రాశారో చూడకుండా ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చడంలో అర్థం లేదు.

రెండవ ట్యూనర్ దగ్గర బరువు మోపగల డైనో ఉంది. ఉత్త రోలర్ల డైనో మీద ఇంజిన్ రోలర్లను తిప్పుకుంటూ పైకి పోతుందే తప్ప ఒకచోట నిలబడదు. ఇక్కడ యంత్రం చక్రాలను పట్టి ఉంచగలదు. ఉదాహరణకు 3,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పావు వంతు మాత్రమే తొక్కి, అక్కడే నిలిపి, మ్యాపులోని ఆ ఒక్క గడిలో ఇంధనాన్ని, ఇగ్నిషన్ టైమింగ్‌ను (నిప్పురవ్వ పడే క్షణాన్ని) సరిచేసి పక్క గడికి పోవచ్చు. రోజూ నడిపేటప్పుడు ఇంజిన్ ఉండేది ఆ గడులలోనే. ఆయన ఉదయమంతా ఆ పనే చేశారు. మధ్యలో ఒక గంట వృథా అయింది: హెడర్ గ్యాస్కెట్ దగ్గర సన్నని లీకు ఉండి, బయటి గాలి సెన్సర్ దగ్గరికి చేరి, మిశ్రమం పలుచగా ఉన్నట్టు తప్పుడు రీడింగ్ వచ్చింది. డైనోకు వెళ్లే ముందు ఎగ్జాస్ట్ లీకులు, ఇంధన పీడనం, సిలిండర్ల కంప్రెషన్ ఇంటి దగ్గరే చూసుకొని పోవడం మంచిదని నాకు అప్పుడు అర్థమైంది, ఎందుకంటే అక్కడ ప్రతి గంటకూ డబ్బు కట్టాలి.

ఈ ఇంజిన్‌లో అన్నిటికంటే ఫలితమిచ్చిన పని, వాల్వులను తెరిచే క్యామ్ కోణాన్ని సరిచేయడం. కె24ఏ2లో ఇన్‌టేక్ క్యామ్‌ను నడుస్తుండగానే ముందుకు జరిపే వీటీసీ అనే ఏర్పాటు ఉంది. ట్యూనర్ క్యామ్‌ను ముందు సున్నా డిగ్రీల దగ్గర, తరువాత 10, 20, 30, 40, 50 దగ్గర బిగించి, ఒక్కో కోణానికి ఒక్కో పరుగు తీసి, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) గీతలన్నిటినీ ఒకదానిపై ఒకటి వేసి చూపించారు. ఏ ఆర్‌పీఎం దగ్గర ఏ గీత పైన ఉందో అక్కడ ఆ కోణమే మ్యాపులోకి పోతుంది. మధ్య వేగాల్లో నా ఇంజిన్ 40 నుంచి 45 డిగ్రీలు కోరుకుంది; 7,000 దగ్గరికి వచ్చేసరికి 25 కన్నా తక్కువ. చిన్న క్యామ్ నుంచి పెద్ద క్యామ్‌కు మార్చే వీటెక్ ఏ ఆర్‌పీఎం దగ్గర మారాలో కూడా అలాగే తేల్చారు: చిన్న క్యామ్‌తో ఒక పరుగు, పెద్ద క్యామ్‌తో ఒక పరుగు తీసి, రెండు గీతలు కలిసే చోటును తీసుకున్నారు. మొదటి షాపు దాన్ని 5,800 దగ్గర వదిలేసింది. నా బండిలో గీతలు కలిసింది 4,900 దగ్గర. ఆ 900 ఆర్‌పీఎంల గుంటలో ఇన్నాళ్లూ టార్క్ పోగొట్టుకుంటున్నానని ఆ తెర మీద చూసినప్పుడు నిజంగా బాధ కలిగింది.

ఇగ్నిషన్ టైమింగ్ విషయంలో ఆయన పాటించిన జాగ్రత్త నాకు నచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచుతూ పోయి, టార్క్ పెరగడం ఆగిన చోట మళ్లీ వెనక్కి తగ్గారు. లాభం లేని డిగ్రీ నాకింగ్‌కు (ఇంధనం అదుపు తప్పి పేలి ఇంజిన్‌ను దెబ్బతీయడానికి) దారితీయడానికే తప్ప మరెందుకూ పనికిరాదన్నారు. పూర్తి థ్రాటిల్‌లో మిశ్రమాన్ని ల్యాంబ్డా 0.87 దగ్గర, అంటే కొంచెం చిక్కగా (1 అంటే గాలి, ఇంధనం సరిసమానం) నిలిపారు. అంతా అయ్యాక ఆ యంత్రం చూపిన గరిష్ఠం ఎస్ఏఈ లెక్కలో 193. అదే యంత్రం మీద ఉదయం పాత మ్యాపుతో తీసిన మొదటి పరుగు 181. అంటే నాకు నిజంగా పెరిగింది 12 హార్స్‌పవర్. 206 నుంచి 193కు తగ్గిందనుకోవడం రెండు వేర్వేరు తక్కెడల మీద తూచి పోల్చినట్టవుతుంది. 3,500 దగ్గర మాత్రం టార్క్ 18 పౌండ్-అడుగులు పెరిగింది, ట్రాక్‌లో మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు మూడో గేరులోనే ఉండిపోగలుగుతున్నది అందువల్లే.

ఇంటికి వచ్చిన రోజునుంచి ఆ ఊగుడు లేదు. హైవే మీద గ్యాలనుకు 29 మైళ్లు వస్తోంది. 93 ఆక్టేన్ పెట్రోలు తప్ప మరొకటి పోయలేదు, ఎందుకంటే మ్యాపు దానికే రాసినది.

రెండవ ట్యూనింగ్ ఏప్రిల్‌లో జరిగింది. ఆగస్టులో 104 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి కదిలినప్పుడు కంప్యూటర్ నాక్ లెక్కలో రెండు మూడు నమోదులు కనిపించాయి. ఆయన దగ్గరికే తిరిగి వెళ్లాను. లోపలికి పోయే గాలి 50 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు టైమింగ్‌ను రెండు మూడు డిగ్రీలు తగ్గించేలా పట్టిక సరిచేసి, ఎండ తగ్గకముందే మరో పరుగు తీసి చూశారు. తరువాత రెండు వేసవులు గడిచాయి, ఆ లెక్క సున్నా దగ్గరే ఉంది. ఎండ ఎక్కువగా ఉండే ఊళ్లలో ఉన్నవాళ్లు చలికాలంలో ట్యూనింగ్ చేయిస్తే, వేసవిలో ఒక గంట తిరిగి ఇచ్చే ఒప్పందం ముందే అడగాలని నా సలహా.

మొదటి షాపుకు 450 డాలర్లు, రెండవ ట్యూనర్‌కు ఆగస్టు గంటతో కలిపి 1,050 డాలర్లు అయ్యాయి. ఇప్పటికీ సరికానిది ఒక్కటే ఉంది. జనవరి ఉదయాల్లో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోయినప్పుడు ఇంజిన్ రెండవ ప్రయత్నంలో గానీ అంటుకోదు. వేడెక్కిన ఇంజిన్‌తో డైనో మీద దాన్ని సరిచేయడం కుదరదు. బండిని రాత్రంతా చలిలో వదిలి, తెల్లవారి ఒక్క ప్రయత్నం చేసి, పట్టికలో ఒక అంకె మార్చి, మళ్లీ మరుసటి రోజు వరకు ఆగాలి. వచ్చే చలికాలంలో ఆ పని నా గ్యారేజీ ముందే, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని చేయబోతున్నాను.